కొడవలి అంటే వంగిన కత్తి

మొన్న శ్రీనివాసపురం బజారులో రాగిగడ్డి మోపులతో ఒక ట్రాక్టరు నా పక్కనుంచే పోయింది. ఆ పచ్చి వాసనకు కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

రాగికోతలంటే మాకు మంచు, మంచులో తడిసిన అనపకాయల జిడ్డు వేళ్లకు అంటుకోవడం, ఆ గింజలు పితికి చేసిన పితికిపప్పు పులుసులో ముంచుకున్న వేడి సంగటి, అన్నిటికంటే మిన్నగా నాన్న ఊరికి రావడం. గనులు సర్కారువి అయ్యాక నాన్న కోలారు బంగారు గనుల్లో పనికి చేరాడు. ఏడాదంతా అక్కడ గనికూలీల లైనిళ్లలో ఉన్నా కోతలకు మాత్రం తప్పక వచ్చేవాడు, ఎందుకంటే మొదటి పిడికెడు ఇంటి మగవాడే కోయాలని వాళ్లమ్మ, మా అవ్వ, పట్టు. కొడవలిని చేతినుంచి చేతికి ఇస్తే ఆ ఇద్దరికీ ఎడబాటు అని మా వైపు నమ్మకం. అందుకని అవ్వ దానికి పసుపు రాసి గట్టుమీద పెట్టేది, నాన్న వంగి తీసుకునేవాడు.

కొడవలి అంటే ఏమని ఒకసారి నాన్నను అడిగాను.

"కన్నడమోళ్లు కుడుగోలు అంటారు, లైన్లలో అరవమోళ్లు కొడువా అంటారు. యాడ జూసినా వంకర కత్తేనమ్మా. పట్టినోడు గూడా వంగాల్సిందే," అని నవ్వాడు. కొడ అంటే వంపు, వాలు అంటే కత్తి అని పెద్దయ్యాక నేనూ చదువుకున్నాను.

ఒక ఏడు నాన్నకంటే ముందు ఆయన దగ్గు వీధిలోకి వచ్చింది. గనిలోని రాతిదుమ్ము రొమ్ములో చేరిందట. చేనులో కొడవలి కోసం వంగబోయి, ఊపిరాడక మోకాళ్లు పట్టుకున్నాడు. మళ్లీ వంగబోయాడు. కూలికొచ్చిన ఆడవాళ్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. నలుగురిలో కొడుకు చిన్నబోవడం చూడలేక అవ్వ గబుక్కున కొడవలి తీసి నాన్న చేతిలో పెట్టేసింది.

"వంగొద్దు నాయనా. నిలబడుకోనే నాలుగు ఎన్నులు కోయి, సాలు."

నాన్న నిలబడే నాలుగు రాగివెన్నులు కోశాడు, అవ్వ కొంగు పట్టింది.

మరుసటి కోతలకు నాన్న లేడు. "నా చేత్తోనే ఇచ్చినానే," అని అవ్వ బతికినన్నాళ్లూ కుమిలింది. దుమ్ము సంగతి ఎంత విడమరిచి చెప్పినా తలకెక్కించుకోలేదు. ఇప్పుడు ఆ చేను మామిడితోట, గని మూతపడింది, మిగిలిన రాగిచేలను మిషన్లు కోస్తున్నాయి. నీ తప్పేమీ లేదవ్వా అని ఇంకొక్కసారి చెప్పిచూద్దామన్నా, వినడానికి ఆమె లేదు.