ఇరవై ఎనిమిది స్పీడులో దొరికిన డ్రైవరు

తోర్వా పేట నుంచి తెలిపారా బజారు దాకా గోవిందరావు స్కూటరు ఇరవై ఎనిమిది దాటదు. దాటదంటే దాటదు. రోడ్డు ఖాళీగా ఉన్నా ఇరవై ఎనిమిదే, వెనక కుక్క తరిమినా ఇరవై ఎనిమిదే. పాలక్యాన్లు కట్టుకున్న సైకిలువాళ్లు కూడా దాటిపోయి, ఈ పెద్దాయనకేమైందోనని వెనక్కి తిరిగి చూస్తారు. ముప్పై ఎనిమిదేళ్లు రైలింజను నడిపిన చెయ్యి అది. స్పీడు మీరాడని అతని సర్వీసు ఫైల్లో ఒక్క కాగితం ముక్క లేదు.

అలాంటి మనిషిని మొన్న మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున్న పదిన్నరకి దయాల్‌బంద్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసులు పట్టుకున్నారు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందంటారే, అదీ సంగతి.

పోలీసులు అక్కడ నిలబడింది నిజానికి స్పీడు పట్టడానికే. డెబ్బై రెండులో దొరికిన జీపు ఆసామి ఒకడు, ఎవరో పెద్దమనిషికి ఫోను కలిపి, మాట్లాడమని కానిస్టేబుల్ చేతికి ఇస్తున్నాడు. కానిస్టేబుల్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ గొడవ మధ్యలో లైటు పచ్చబడింది. గోవిందరావు హ్యాండిల్ మీంచి ఎడమ చెయ్యి తీసి, లైటు వైపు నిటారుగా చాపి, "గ్రీన్" అని గట్టిగా అన్నాడు. అని కదిలాడా? లేదు. ఇంకెవరో ఏదో అనాలన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. వెనకాల ఆటో వచ్చి అతని నంబరు ప్లేటుకి తగిలి ఆగింది.

కానిస్టేబుల్ జీపును వదిలేసి ఇటొచ్చాడు. హెల్మెట్ లోపల ఫోను పెట్టుకుని మాట్లాడుతున్నాడని అతని అనుమానం. హెల్మెట్ తీయించాడు. ఫోనూ లేదు, చెవిలో తీగా లేదు, నెరిసిన జుట్టు తప్ప ఏమీ లేదు.

"కిస్‌సే బాత్ కర్ రహే థే?" అన్నాడు.

ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే గోవిందరావు ఏం చెప్పాలి? ఊరుకున్నాడు. ఊరుకున్నవాణ్ణి చూస్తే పోలీసులకి అనుమానం పెరుగుతుంది. ఊదే మిషను తెచ్చి ఊదమన్నారు. ఊదాడు. సున్నా చూపించింది. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషి, నడిరోడ్డు మీద నలుగురూ చూస్తుండగా గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాల్సి వచ్చింది.

ఇంజను మీద ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నల్ కనబడగానే చెయ్యి చాపి ఒకడు దాని రంగు పైకి చెప్పాలి, దాన్నే పిలవడం అంటారు, రెండోవాడు అదే మాట తిరిగి అనాలి. ఒకడి కళ్లు మోసం చేస్తే రెండోవాడి నోరు కాపాడుతుంది. రూలు. ముప్పై ఎనిమిదేళ్ల రూలు రిటైరైన రోజున పూలదండతో పాటు ఇచ్చేసి రావడానికి కుదరదు కదా. స్కూటరు మీద కూడా అతను సిగ్నల్ పిలిచేవాడు. వెనక కూర్చున్న భార్య మంగాయమ్మ మొదట్లో నవ్వేది, తరవాత విసుక్కునేది, చివరికి అలవాటు పడిపోయి "గ్రీనేనండీ, పదండి" అనేది. పిల్లల్లేని ఇల్లు, ఆ ఇద్దరికీ ఆ ఇద్దరే. మూడేళ్ల కిందట ఆవిడ పోయింది. అతను పిలవడం మానలేదు, జవాబు కోసం ఆ ఒక్క క్షణం ఆగడమూ మానలేదు. ఆవిడ హెల్మెట్ ఇప్పటికీ స్కూటరు కొక్కేనికే వేలాడుతోంది.

ఇదంతా హిందీలో ఆ కానిస్టేబుళ్ల మీదున్న ఏఎస్సైకి చెప్పే మాటా? ఆ ఏఎస్సై ఆడమనిషే, పేరు రాజశ్రీ, నలభై ఏళ్లుంటాయి. చెడ్డ మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డ మనిషైతే చలాను రాసి పొమ్మనేది.

"అంకుల్, మీరు మా నాన్న వయసువాళ్లు. చెయ్యి వదిలేసి, మీలో మీరే మాట్లాడుకుంటూ బండి నడిపితే ఎలా? ఇంటి నుంచి ఎవరినైనా పిలవండి. వాళ్లొస్తేనే తాళం ఇస్తాను. లేదంటే బండి థానాకి పంపించి, మిమ్మల్ని డాక్టరుకి చూపించాలి," అంది హిందీలో. తాళం తీసి తన జేబులో వేసుకుంది.

గోవిందరావు ఫుట్‌పాత్ అంచున కూర్చుని ఫోను తీశాడు. గ్యాసువాడు. బీపీ డాక్టరు. పెన్షనర్ల సంఘం. బొబ్బిలిలో బావమరిది, అతను బయల్దేరినా రేపటికి గాని రాడు. పక్కింటివాళ్లు కుంభమేళాకని పోయి ఇంకా తిరిగి రాలేదు. మిగిలిన పేర్లలో సగం మంది చచ్చిపోయారు, మిగతా సగం అతనితో మాట్లాడరు. డిపోలో అతన్ని నిప్పులాంటి మనిషి అనేవారు. నిజమే కాని, చలికాలం తప్పితే నిప్పు పక్కన ఎవడు కూర్చుంటాడు?

స్కూటరు పోతుందని కాదు అతని బెంగ. పిలిస్తే రావడానికి ఈ ఊళ్లో తనకొక్కరూ లేరని ఆ అమ్మాయి ముందు నోరు విప్పి చెప్పాలే, అదీ బెంగ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కాగితం మీద ఏం రాస్తారో కూడా అతనికి తెలుసు. రిపోర్టులు రాయడం అతనికి కొత్త కాదు.

ఫోనులో లేని నంబరు ఒకటి అతని తలలో ఉంది. అప్పలస్వామిది. ఆరేళ్లు అతని పక్కన అసిస్టెంటుగా చేశాడు. ప్రతి డ్యూటీకీ ముందు ఆ నంబరుకి ఫోను చేసి నిద్ర లేపింది గోవిందరావే. పదకొండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున కోర్బా నుంచి బొగ్గు బండి తెస్తున్నారు. చాంపా దాటాక సిగ్నల్ వచ్చింది. గోవిందరావు పిలిచాడు. జవాబు లేదు. తిరిగి చూస్తే అప్పలస్వామి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. బండికేమీ కాలేదు, బొగ్గుకేమీ కాలేదు. కాని దిగగానే గోవిందరావు రిపోర్టు రాశాడు. అప్పలస్వామికి మూడు ఇంక్రిమెంట్లు పోయాయి, డ్రైవరు కావడం నాలుగేళ్లు వెనక్కి పోయింది. ఆ మర్నాటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. రూలు రూలే అన్నాడు గోవిందరావు ఇంటికొచ్చి. "రూలుకి నోరు లేదు, మీకుంది కదండీ. లేపితే సరిపోయేది కదా," అంది మంగాయమ్మ.

నంబరు నొక్కాడు. మోగింది. ఎత్తారు.

"నాను, గోవిందరావుని," అన్నాడు. "దయాల్‌బంద్ సిగ్నల్ కాడ పోలీసులు ఆపేసేర్రా. ఎవరో ఒకరు రావాలంతన్నారు."

"స్పీడా?" అన్నాడు అప్పలస్వామి.

"కాదు."

"మీరెలాగా స్పీడెల్లరు లెండి. ఉండండి, వస్తన్నాను."

ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో జీపు ఆసామి చలాను కట్టి, ఎవరినో తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఇంకో పదిమంది ఆగారు, బతిమాలారు, కట్టారు, పోయారు. వచ్చినవాళ్లందరికీ పోవడానికి ఒక చోటుంది. గోవిందరావు ఒక్కడే ఎండలో కూర్చుని, వచ్చే ప్రతి ఆటో వంకా చూస్తూ, రాడేమో అనుకున్నాడు. రాకపోతే న్యాయమే అని కూడా అనుకున్నాడు.

అప్పలస్వామి డ్యూటీ దిగిన బట్టలతోనే ఆటోలోంచి దిగాడు. చేతిలో డ్యూటీకి మోసుకెళ్లే లైను బ్యాగు ఉంది. జుట్టు సగం నెరిసింది. ఇప్పుడు తనూ డ్రైవరే. రాజశ్రీ అతన్ని ఎగాదిగా చూసి, ఈయన మీకేమవుతారని అడిగింది.

"మా డ్రైవరు," అన్నాడు హిందీలో.

"తనలో తనే మాట్లాడుకుంటున్నారు. తెలుసా మీకు?"

"తనలో తను కాదు మేడమ్. సిగ్నల్ కనబడితే పైకి చెప్పడం మాకు రూలు. పక్కవాడు జవాబు చెప్పాలి. చెప్పకపోతే తప్పు పక్కవాడిది, ఈయనది కాదు."

రాజశ్రీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తాళం తీసి అప్పలస్వామి చేతిలో పెట్టి, చెయ్యి వదిలి నడపొద్దని చెప్పండి అంది. వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ ఉండాలని కూడా గుర్తుచేసింది. అప్పలస్వామి కొక్కేనికున్న ఆడవాళ్ల హెల్మెట్ తీశాడు. దుమ్ము దులిపాడు. ఎవరిదని అడగలేదు. చిన్నదైనా ఎలాగో తలకి ఎక్కించుకుని, తాళం గోవిందరావుకిచ్చి వెనక కూర్చున్నాడు.

ఇరవై ఎనిమిదిలో పోతున్నారు. మూడేళ్లుగా ఖాళీగా ఉన్న సీటు మీద బరువు పడేసరికి స్కూటరు నడకే మారింది. గోవిందరావుకి వీపు వెనక ఒక మనిషి ఊపిరి వినబడుతోంది.

తోర్వా చౌరస్తాలో ఎర్రలైటు పడింది. ఆగారు. తొంభై సెకన్లు తరుగుతూ వచ్చి సున్నా అయ్యాయి.

"గ్రీన్," అంది వెనక గొంతు.

ముందు చూసినవాడు పిలవాలి, రెండోవాడు పలకాలి. ఇప్పుడు పలకాల్సింది గోవిందరావు. మూడేళ్లుగా ఒక జవాబు కోసం సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగిన మనిషికి, తీరా తాను జవాబివ్వాల్సి వచ్చేసరికి నోరు పెగల్లేదు. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి, తిట్టాయి, పక్కనుంచి తప్పుకుని పోయాయి.

"ఏటి గురువుగారూ, నిద్దరోయేరా?" అన్నాడు అప్పలస్వామి. "రిపోర్టు రాసీమంతారేటి?"

ఈలోగా లైటు మళ్లీ ఎర్రబడింది. మళ్లీ తొంభై మొదలైంది. గోవిందరావు వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేడు.

"ఆ రోజు మీ పాపకి బాగులేదనీ, మూడు రాత్రులు నువ్వు హాస్పిటల్లోనే ఉండిపోనావనీ నాకు తెలుసురా," అన్నాడు. "తెలిసే రాసేను."

డెబ్బై, అరవై, నలభై. గోవిందరావు అంకెల వంకే చూస్తున్నాడు. ఇప్పుడు దిగిపోతాడు, ఆ బ్యాగు పట్టుకుని నడిచిపోతాడు, అనుకున్నాడు. పది. అయిదు. సీటు మీద బరువు కదల్లేదు.

"గ్రీన్," అన్నాడు అప్పలస్వామి.

"గ్రీన్," అన్నాడు గోవిందరావు, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, బండి కదిలించాడు.