మేనమామ పోలిక

మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు. ఈ కథలోని డ్రైవరు ఇంట్లో మాత్రం ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసేవారు. ఎందుకంటారా? మేనమామ ఒకప్పుడు సైన్యంలో చేరి, శిక్షణ పూర్తికాకుండానే పచ్చబడ్డ కళ్లతో, గోడ పట్టుకుని నడుస్తూ తిరిగొచ్చాడు. జబ్బంటే నమ్మిందెవరు? భయపడి పారిపోయొచ్చాడన్నారు. 'ఉత్తుత్తి సిపాయి' అని పేరు పెట్టారు. ఊరికే పేర్లు పెట్టమంటే జనానికి ఎక్కడలేని తీరికా దొరుకుతుంది కదా! ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని, స్కూలు పిల్లల నిక్కర్లు కుడుతూ, ఆ పేరుకు తనూ నవ్వేసేవాడు.

మేనల్లుడు మాత్రం సైన్యంలో చేరి లారీ డ్రైవరయ్యాడు. కొండదారిలో అతను బండి నడుపుతుంటే వెనకాల కూర్చున్నవాళ్లు హాయిగా నిద్రపోయేవారు. ఈమధ్య అడవిలోని శిబిరానికి బయల్దేరే ముందు అందరికీ మలేరియా మాత్రలిచ్చారు. మిగతావాళ్లు గుటుక్కున మింగి పనిలోకి పోయారు. ఇతనికి రెండ్రోజుల్లో మూత్రం పాలు పొయ్యని టీలా నల్లబడింది, కళ్లు పచ్చబడ్డాయి. లారీ ఎక్కడానికే ఆయాసం.

సైనిక ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏమీ దాచలేదు.

"కాలేయం చెడిందని తేలితే ఇంటికి పంపేస్తారు. నా అనుమానం వేరు. కొందరి రక్తానికి పుట్టుకతోనే ఈ మాత్ర పడదు. అదే అయితే మాత్ర జోలికి పోకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ జబ్బు చేసిన కొత్తలో పరీక్షలో సరిగా తేలదు. ఉద్యోగానికి పనికొస్తారో లేదో తేల్చే మెడికల్ బోర్డేమో వచ్చేవారమే."

"మరెలాగండీ?"

"ఇది తల్లి నుంచి మగపిల్లలకు దిగుతుంది. మీకు మేనమామ ఉన్నారా? మీ అమ్మకూ ఆయనకూ తల్లి ఒకరే కదా, ఆయన రక్తంలో ఇది ఉంటే మీదీ అదేనని బోర్డుకు చెప్పగలను."

డ్రైవరు లెక్కలేసుకున్నాడు. లారీ పోతే తనకింకేం చేతకాదు. ఇంటికెళితే రెండో ఉత్తుత్తి సిపాయి తనే. అలాగని, ఆ మనిషిని ఈ మిలటరీ గేటు లోపలికి రమ్మనడమా?

తల్లికి ఫోను చేశాడు.

"మిలటరీ లారీ కనబడితేనే వాడు సందులోకి తిరిగిపోతాడురా!" అని ఆవిడ బావురుమంది. "నా కడుపున పుట్టినందుకు నీకిదేం ఖర్మ నాయనా!"

మర్నాడు పొద్దున మేనమామ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. చొక్కా అంతా చెమటే.

"పద అల్లుడూ," అన్నాడు. "నా కాళ్లు మనసు మార్చుకోకముందే లోపలికి తీసుకుపో."

రక్తం తీశారు. సాయంత్రానికి డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"నా అనుమానమే నిజమైంది. మీ మామయ్య రక్తానికీ ఈ మాత్ర పడదు. బోర్డుకు నేను రాసిస్తాను. అడవి శిబిరాలకు పంపరు, బండి మాత్రం మీదే."

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు డ్రైవరు. సంతోషం పట్టలేక మామయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అప్పట్లో మీకూ ఈ మాత్రలిచ్చారా?" అని డాక్టరమ్మ మేనమామనడిగింది.

"ఇచ్చారండి. జ్వరాల కాలమని అందర్నీ వరసలో నిలబెట్టి మింగించారు."

"మిమ్మల్ని పడగొట్టింది అవేనండీ."

ఆయన మెడ దగ్గరి గుండీ విప్పుకున్నాడు. తర్వాత చిన్నగా అడిగాడు.

"అయితే డాక్టరుగారూ, నేను భయపడి రాలేదా? అందరూ అంటుంటే నేనూ అదే అనుకున్నానండి, ఇన్నేళ్లూ."