అడ్డంగా ఊడ్చిన ఇసుక

మా మేనత్త పోయిన కబురు నాకు నెల్లూరులో కంటి డాక్టరు గది బయట కూర్చున్నప్పుడు తెలిసింది. కళ్లలో చుక్కలు వేసి ఉన్నారు, ఫోన్లో ఎవరి పేరో కనపడలేదు. గొంతును బట్టి మస్తాన్ అని పోల్చుకున్నాను. అత్త ఇంటి పక్కనే టీ కొట్టు అతనిది. "అన్నా, అత్త పొయింది. తెల్లారి నీళ్లు తెచ్చుకోను పోతా పిలిస్తే పలకలా. లోపలికి పొయి చూస్తే నిద్దర్లోనే పొయుండాది," అన్నాడు. ఆ క్షణంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నన్నేమనుకుంటారో తెలియదు. ఏడుపు తరవాతెప్పుడో వచ్చింది. ముందు నేను అడిగింది, నిన్న సాయంత్రం ఊడ్చిందా అని.

"ఊడ్చింది అన్నా. దాని మీద నా అడుగులే పడినాయి," అన్నాడు మస్తాన్.

ఈ ఊడ్చడం ఏమిటో చెప్పాలి. మాది బోగోలు మండలం, జువ్వలదిన్నెకు కాస్త ఇవతల సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. ఊరి చివరిది అత్త ఇల్లు. ఇంటి వెనక ఇసుక దారి, దారి చివర ఇసుకదిబ్బ, దిబ్బ పక్కన దొరువు. దొరువంటే ఇసుకలో తవ్విన గుంట. వానాకాలంలో దిబ్బ తాగిన నీళ్లు ఏడాది పొడుగునా అందులో తియ్యగా ఊరుతుంటాయి. రొయ్యల గుంటలు వచ్చాక మా ఊళ్లో బోర్లన్నీ ఉప్పెక్కాయి. తాగడానికి మాకు మిగిలింది ఆ దొరువే. దిబ్బేమో ప్రభుత్వ పోరంబోకు. రోడ్డు పనులకు, మెరక తోలుకోవడానికి ఆ ఇసుక మీద అందరి కళ్లూ ఉన్నాయి. "దిబ్బ పోతే సముద్రం వచ్చి నా బిందెలో కూచుంటాది," అనేది అత్త.

అందుకని ప్రతి సాయంత్రం, దీపం పెట్టేముందు, కొబ్బరి ఈనెల చీపురు తీసుకుని ఆ దారంతా ఊడ్చేది. తెల్లవారగానే పోయి చూసేది. రాత్రి ఎవరు వచ్చారో, ఏ బండి వచ్చిందో ఇసుక చెప్పేస్తుంది. కుక్క నడిచిందా, ఎండ్రకాయ పాకిందా, ట్రాక్టరు వచ్చిందా, అన్నీ చూసుకున్నాకే మొహం కడుక్కునేది.

నన్ను పాతకాలపు మనిషినని మా ఇంట్లోవాళ్లే అంటారు. నిజమే, కాదనను. ఉన్నదాన్ని పీకేసేముందు అది అక్కడ ఎందుకుందో అడగాలంటాను. ఉచితంగా ఏది వచ్చినా నాకు గుండెల్లో గుబులే. అభివృద్ధి అనే మాట మైకులో వినపడితే చాలు, ఎవరి చేను పోబోతోందో అనుకుంటాను. అయితే నా అనుమానమంతా మస్తాన్ కొట్టు దగ్గర పేపరు చదివి, రెండు టీలు తాగేలోపు మాటల్లోనే తీరిపోయేది. అత్తకు మాటలు పట్టేవి కావు. ఏదీ చేత్తో తడిమి చూడందే నమ్మేది కాదు.

రేషను మిషను మీద వేలిముద్ర వేశాక ఆ అద్దాన్ని తన కొంగుతో శుభ్రంగా తుడిచి వచ్చేది. "వేలు దాంట్లోనే ఉండిపోతే ఇంకెవురన్నా నా పేరున తీసుకుంటారు," అనేది. టీవీలో నాయకులు అరుచుకోవడం మొదలుపెడితే దాని మీద పాత చీర కప్పేది. మనం వాళ్లను చూస్తున్నామో వాళ్లే మనల్ని చూస్తున్నారో ఎవరికి తెలుసు అని ఆమె లెక్క. నన్ను కూడా వదిలేది కాదు. ఒకసారి కొత్త తెల్లచొక్కా వేసుకుని పోతే ఎగాదిగా చూసి, "ఏ పార్టీవోళ్లన్నా కుట్టిచ్చినారా?" అంది. మా అమ్మ పోయినప్పటి నుంచి నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి అంత మాట అనేసరికి బాధేసింది. ఆ రోజు కూడా నాకు అన్నం పెట్టే పంపింది, అది వేరే సంగతి.

ఓట్లకు వచ్చిన ప్రతివాడికీ దొరువు నీళ్లు ఇచ్చేది. తాగేదాకా ఆగి, "ఎట్టుండాయి నాయనా?" అనేది. తియ్యగా ఉన్నాయనేవాళ్లు. "అయితే ఆ దిబ్బ జోలికి రామాకండి," అనేది. అందరూ తలలూపేవాళ్లు. తలలూపిన వాళ్లలో ఒకడి మనుషులే ఎన్నికలు అయ్యాక ఒక రాత్రి వచ్చి దిబ్బ అంచు తవ్వుకుపోయారు. తెల్లారి అచ్చులు చూసింది అత్త. అరవలేదు, ఎవరికీ చెప్పలేదు. దారికి అడ్డంగా నులక మంచం వేసుకుని కూర్చుని చింతపండు పిక్కలు తీయడం మొదలుపెట్టింది. మళ్లీ ట్రాక్టరు వచ్చింది, వెనక ఆ నాయకుడూ వచ్చాడు.

"అభివృద్ధికి అడ్డం పడితే ఎట్టమ్మా?" అన్నాడు.

"నేనెవురికీ అడ్డం పళ్లేదు. కూచోనుండా. నువ్వూ కూచో, ఎండన పడి వచ్చినావు, నీళ్లు తాగు," అంది.

తాగాడు. దాహంగా ఉందేమో ఇంకో గ్లాసు అడిగాడు. అది కూడా ఇచ్చి, "ఈ నీళ్లు యాడివో నీ డ్రైవరుకు నువ్వే చెప్పు," అంది. అతను గ్లాసు మంచం మీద పెట్టి, ట్రాక్టరును వెనక్కి తిప్పించాడు. ఆ తరవాతి ఎన్నికలకు అదే మనిషి వేరే కండువాతో వచ్చాడు. ఈసారి కూడా నీళ్లు ఇచ్చింది. "మొగం అదే, కండువా మారింది. నీళ్లు మాత్రం అవే నాయనా," అంది. మస్తాన్ కొట్టులో ఆ మాట చాలాకాలం నడిచింది.

పోయిన ఏడాది తుంటి విరిగాక ఆమె చీపురు పట్టలేకపోయింది. రెండు వీధుల అవతల ఉండే నేను సాయంత్రాలు వచ్చి ఊడ్చేవాణ్ణి. ఆమె కుర్చీ వేయించుకుని కనిపెట్టుకుని కూర్చునేది. "పొడుగ్గా కాదురా, అడ్డంగా ఊడ్చు. టైరు పొడుగ్గా పోతాది, నువ్వూ పొడుగ్గా గీకితే రెండూ కలిసిపోతాయి," అనేది. ఈ మధ్యనే కొంచెం కోలుకుని, కర్ర పట్టుకుని నడుస్తూ నా చేతిలోంచి చీపురు లాక్కుంది. నా పని ఆమెకు నచ్చలేదని నాకు అర్థమైంది.

నేను నెల్లూరు నుంచి వచ్చేసరికే రోడ్డు మలుపులో ఫ్లెక్సీ కట్టేశారు. అందులో అత్త బొమ్మ అరచేయంత, ఆ నాయకుడి బొమ్మ నిలువెత్తు. అత్తే ఉంటే, "నా బొమ్మ వీళ్లకు ఎవురిచ్చినారు?" అని అడిగి ఉండేది. మధ్యాహ్నం అతనే వచ్చి పెద్ద దండ వేశాడు. ఊరికి తల్లి లాంటిదన్నాడు. నేను చేతులు జోడించాను గాని, నా చూపు అతని వెనక ఉన్నవాళ్ల మీదే ఉంది. వచ్చినప్పుడు ఉన్నంతమంది దండ వేసేటప్పుడు లేరు.

శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, ఇంటి వెనక్కి పోయాను. పలకరింపుకు వచ్చినవాళ్లంతా చెప్పులు ముందు వాకిట్లో విప్పి లోపలికి వచ్చినవాళ్లే. వెనక దారిలో మాత్రం బూట్ల అచ్చులున్నాయి. దిబ్బ దాకా పోయి, దాని చుట్టూ తిరిగి, వెనక్కి వచ్చాయి. శవం ఇంట్లో ఉండగానే కొలుచుకుపోయారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. లేచి చీపురు తీసుకున్నాను.

"ఈ పూటకి వదిలెయ్ అన్నా," అన్నాడు మస్తాన్.

"ఈ పూట కోసమే గదా వాళ్లు కాసుకోనుండేది," అన్నాను.

తెల్లారి ఇద్దరం పోయి చూశాం. రోడ్డు మీద నుంచి ట్రాక్టరు టైర్ల అచ్చులు దారి మొదటి దాకా వచ్చి, ఊడ్చిన ఇసుక అంచున ఆగిపోయాయి. ఎవరో దిగి నిలబడ్డ అడుగులు. ఆ తరవాత బండి వెనక్కి తిరిగిపోయిన అచ్చులు. ఊడ్చిన ఇసుక మీద ఎండ్రకాయ గీతలు తప్ప ఏమీ లేవు.

"ఇసుక ఊడ్చుండేది చూసి అత్త ఇంకా ఉండాదనుకున్నాడేమో అన్నా," అని మస్తాన్ నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. నాకూ సంతోషపడదామనే ఉంది. కాని అత్తయితే ఏమడిగేదో నాకు తెలుసు. తిరిగిపొయినాడు సరే, మళ్లా ఎప్పుడొస్తానని పొయినాడు?

ఆ అచ్చులను సాయంత్రం దాకా చెరపలేదు. నీళ్లకు వచ్చిన ప్రతి మనిషికీ చూపించాను. పొద్దు వాలాక, దీపం పెట్టేముందు, చీపురు తీసుకుని దిబ్బ దగ్గర మొదలుపెట్టాను. సగం దారి వచ్చేసరికి కొట్టు మూసి వచ్చిన మస్తాన్ అత్త కుర్చీ పక్కన నిలబడి చూస్తున్నాడు.

"అన్నా, ఆడ పొడుగ్గా ఊడ్చినావు," అన్నాడు.

వెనక్కి పోయి, అక్కడ మళ్లీ అడ్డంగా ఊడ్చాను.