రెండు బకెట్ల నీళ్లు

మొన్న ఖమ్మంలో ఒక ఆసుపత్రి వరండాలో మా ఆవిడ స్కానింగ్ రిపోర్టు కోసం కూర్చున్నాను. పక్క కుర్చీలో నలభై ఏళ్లాయన ఫోనులో మూడు ముక్కలాట ఆడుతున్నాడు. ఉన్నట్టుండి ఫోను తొడ మీద బోర్లా కొట్టి, "మూడు రాణులు పడ్డా పోయింది సార్. గిట్లెట్ల పోతది?" అని నన్ను నిలదీశాడు, ముక్కలు నేనే పంచినట్టు. నేను జవాబు వెతుక్కునే లోపలే ఫోను తిప్పి ముందుకంటే జోరుగా ఆడటం మొదలుపెట్టాడు. "ఒకసారి లేచి నీళ్లు తాగి రండి" అన్నాను. వింతగా చూశాడు. ఆయన తప్పేం లేదు. ఆ మాట మా చిన్నాయనది, నాకు కూడా వెంటనే ఎక్కలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. టీచరుగా నా మొదటి పోస్టింగు ఇల్లందు దాటాక, భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊళ్లో వచ్చింది. మా నాన్న తమ్ముడు అక్కడే అటవీ శాఖలో వాచరు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, పక్కన బర్రెల కొట్టం, దాని ముందు బర్రెలు నీళ్లు తాగే సిమెంటు గోలెం, గోలేనికి పది అడుగుల దూరంలో చేతిపంపు. వాళ్లకు పిల్లల్లేరు. నేను కిరాయికి గది చూసుకుంటానంటే చిన్నమ్మ మాట్లాడకుండా నా పెట్టె తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము మీద పెట్టింది. ఆ చర్చ అంతటితో ముగిసింది. నాలుగు రోజుల్లో నాకు ఏ కూర ఇష్టమో, ఏది పళ్లెం అంచుకు నెడతానో ఆమెకు తెలిసిపోయింది. నెట్టినదాన్నే మర్నాడు మళ్లీ వండేది. అదొక సరదా ఆమెకు.

వానాకాలం ఆదివారాలు వసారాలో మూడు ముక్కలాట సాగేది. చిన్నాయన, ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు, కిరాణా కొట్టాయన, నేను. ఆ ఇంట్లో పైసలు పెట్టి ఆడకూడదని చిన్నమ్మ హుకుం. పాత బిస్కెట్ల డబ్బాలోంచి తలా గుప్పెడు చింతగింజలు ఇచ్చేది. పైసల్లేని ఆటలో ఏం ఉడుకు ఉంటుందనుకుంటారేమో, చింతగింజల కోసం ఆర్‌ఎంపీ గారు చెప్పులేసుకుని అలిగి వెళ్లిపోవడం నేను చూశాను. మంచి ముక్కలు పడి ఓడిన మనిషికి గింజైనా ఒకటే, మాణిక్యమైనా ఒకటే. నేనైతే మరీ అన్యాయం. గెలవాల్సిన ఆట పోతే చెవులు వేడెక్కి, తర్వాత పనికిరాని ముక్కలతో కూడా పట్టుబట్టి ఆడి, ఉన్న గింజలన్నీ ఊడ్చిపెట్టి లేచేవాణ్ణి.

చిన్నాయన పద్ధతి వేరు. పెద్ద ముక్కలతో ఓడితే వాటిని బోర్లించి, కండువా దులిపి లేచేవాడు. చేతిపంపు దగ్గర రెండు బకెట్లు కొట్టి గోలెంలో పోసి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చునేవాడు. ఒక్క ఆట వదిలేసి ఆ పై ఆటకు ముక్కలు పట్టేవాడు. మెల్లగా అది వసారా కట్టుబాటు అయిపోయింది. గట్టి ముక్కలతో ఎవరు ఓడినా రెండు బకెట్లు పోసి రావాల్సిందే. అందుకే వానాకాలం ఆ బర్రెలకు నీళ్ల కరువు లేదు. ఒకసారి నేను విసుక్కుంటూ బకెట్ అందుకుంటే చిన్నాయన అన్నాడు: "పోయిన ఆటతోటి ఏం గాదు కొడుకా. దాని ఎన్క కోపం మీద ఆడే నాలుగు ఆటలే మనిషిని ముంచుతయి. ఆ నాలుగు ఆడకుండనే ఈ నీళ్లు."

ఒక ఆదివారం ఆర్‌ఎంపీ గారు రాలేదు. మనిషి తక్కువైందని చిన్నమ్మను కూర్చోబెట్టాం. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. చిన్నాయన చేతిలో మూడు రాజులు. దాన్ని కొట్టాలంటే మూడు ఆసులే రావాలి, అవి జీవితంలో ఒకసారి వస్తే గొప్ప. కిరాణా కొట్టాయనా నేనూ ముక్కలు పడేశాం. మొగుడూ పెళ్లాం మాత్రం గింజలు పేర్చుకుంటూ పోయారు. చివరికి ఆమె తన ముక్కలు ఒక్కొక్కటే పరిచింది, మూడూ ఆసులే. చిన్నాయన తన రాజులను కాసేపు చూసి బోర్లించాడు. చిన్నమ్మ నవ్వు ఆపుకుంటూ, "పో పో, బర్రెలకు దూపైతంది" అంది. ఆయన కూడా నవ్వుతూనే బకెట్ పట్టుకున్నాడు. ఆ రెండో బకెట్ పోసేటప్పుడు ఆయన వీపు ఎంత తేలిగ్గా కదిలిందో ఇప్పటికీ కనపడుతుంది నాకు.

ఆ ఏడే, వానలు వెనకబట్టే రోజుల్లో, చిన్నమ్మకు చలిజ్వరం వచ్చింది. అడవి అంచున ఆ జ్వరం సంగతి అందరికీ తెలుసు. చిన్నాయన ఒక్క పూట కూడా ఆగలేదు. ఆ పొద్దున్నే రక్తపరీక్ష చేయించాడు, మధ్యాహ్నానికి జీపు మాట్లాడాడు. ఖమ్మమా, భద్రాచలమా అని డ్రైవరు అడిగితే, "ఖమ్మం తొవ్వల వాగులు పొంగుతున్నయి. భద్రాచలమైతే దగ్గర, ఈ జ్వరం ఆళ్లు రోజూ చూస్తరు" అన్నాడు. జీపు దిగగానే అక్కడి డాక్టర్లు మంచమెక్కించి మందు మొదలుపెట్టారు. ఏ లోపమూ జరగలేదు. పక్క మంచం మీద వాగవతలి గూడెం నుంచి మోసుకొచ్చిన ముసలాయన. అదే జ్వరం, ఐదు రోజులు ఇంట్లోనే పడి ఉండి, ఆఖరి ఘడియలో వచ్చినవాడు. మూడో రోజు ఆయన లేచి కూర్చున్నాడు. అదే రోజు మధ్యాహ్నం చిన్నమ్మ పోయింది. చిన్నాయన ఆమె కోసం తెచ్చిన గంజి ఫ్లాస్కు మూత తీసి గ్లాసులో వంచి ఆ ముసలాయనకు ఇచ్చాడు. నాకు ఒళ్లు మండింది. ఎందుకు బతికాడీయన అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పదకొండో రోజు నేలకొండపల్లి నుంచి వచ్చిన చుట్టాలందరూ వసారాలో కూర్చుని ఉన్నారు. చిన్నాయన కొట్టం దగ్గర నీళ్లు కొడుతున్నాడు. రెండు బకెట్లు అయ్యాయి, నాలుగు అయ్యాయి. గోలెం నిండి పొర్లి కొట్టమంతా బురద అవుతున్నా ఆపలేదు. నేను వెళ్లి బకెట్ లాక్కున్నాను. "ఖమ్మం తీసుకపోతే బతికేది. నువ్వే చంపినవ్" అన్నాను, అందరికీ వినబడేలా. ఆయన తడి చేతులు తుడుచుకోలేదు. "రేపు మళ్ల గదే జ్వరమొస్తే మళ్ల గదే జీపు, గదే దవాఖానా. నేను తప్పు ఆడలే కొడుకా. ముక్కలు గట్ల పడ్డయి" అన్నాడు. పెళ్లాం చావుకు పేకాట మాటలేంటి, ఈయన గుండె బండ అనుకున్నాను. ఆ సాయంత్రమే పెట్టె తీసుకుని మండల కేంద్రంలో కిరాయి గదికి మారిపోయాను.

నా మాట నాతో ఆగలేదు. చుట్టాలు దాన్ని మోసుకెళ్లారు. "ఖమ్మం తీసుకపోలేదంట" అని ఆయన వెళ్లిన ప్రతి పెళ్లిలో వెనక గుసగుసలాడేవారు. తర్వాత పెళ్లిళ్లకు రావడం మానేశాడు. ఒకసారి ఇల్లందు బస్టాండులో ఎదురయ్యాడు. చిక్కిపోయాడు. "తిన్నవా కొడుకా?" అని అడిగాడు. "బస్సొచ్చింది" అని నాది కాని బస్సు ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. మరో రెండేళ్లకు నిద్రలోనే పోయాడని కబురు వచ్చింది. వెళ్లేసరికి బర్రెలు లేవు, గోలెం అడుగున ఎండిన ఆకులున్నాయి. నేనన్న మాట వెనక్కి తీసుకోవడానికి మనిషి లేడు. లోపల బియ్యం డ్రమ్ము మీద నా పెట్టె పట్టేంత చోటు అలాగే ఖాళీగా ఉంది. ఆ రోజు దాని ముందు నిలబడి ఏడ్చాను. కోపం మీద ఆడకూడని నాలుగు ఆటలూ ఆడి కూర్చున్నది నేను.

మొన్న రిపోర్టు వచ్చింది. బాగా లేదు. మొదటి నొప్పికే వచ్చాం, డాక్టరు రాసిన ఏ పరీక్షనూ ఒక్క రోజు వాయిదా వేయలేదు. మా అబ్బాయి ఫోనులో, "ముందే హైదరాబాద్ పోవాల్సింది నాన్నా" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. వాణ్ణి తిట్టాలనిపించింది, డాక్టరును నిలదీయాలనిపించింది, ఇంకా నిజం చెప్పాలంటే, మా ఆవిడనే ఏదో అనాలని మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఖాళీ సీసా తీసుకుని లేచాను. వరండా చివర కుళాయి దగ్గర నింపి, అక్కడ వాడిపోతున్న కుండీలో పోశాను. రెండోసారి నింపి తెచ్చి ఆమెకు ఇచ్చాను. ఆమె తాగి, "ఎక్కడికి పోయారింతసేపు?" అని అడిగింది. నీళ్లకు, అన్నాను. ఒక్క ఆట నుంచి లేవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.