బరాత్ కంటే ముందొచ్చిన బగారా కారు

మా చిన్నప్పుడు... మా ఊరు అలియాబాద్‌లో పెండ్లి అంటే బరాత్, బరాత్ అంటే మా నాయిన కారు.

నాయినకి టెంట్ హౌజ్ ఉండేది. కుర్చీలు, షామియానాలు, గంజులు, గరిటెలు... వాటితో పాటు ఒక ఎర్ర కారు. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైన టాప్ మడిచేస్తే ఎత్తు నా భుజం దాకే. శామీర్‌పేట దగ్గర ఒక పాత బంగ్లాలో కోళ్లు దాంట్లో గుడ్లు పెట్టుకుంటుంటే, నాయిన ట్రాక్టర్‌కి కట్టి ఇంటికి లాక్కొచ్చాడట. వెనక మడిచిన టాప్ మీద పరుపు వేసి పెండ్లి జంటని కూర్చోబెడితే... అబ్బ, రాజా రాణి లెక్క ఉండేవాళ్లు.

కానీ ఇంజన్ ముసలిది. ఊరి మొదట్లో ఉన్న కమాన్ దాటాక రోడ్డు కొంచెం ఎత్తు ఎక్కుతుంది, ప్రతి బరాత్‌లో అక్కడ ఆగిపోయేది. మా అమ్మానాయినల పెండ్లికీ అంతే... చుట్టాలు తోస్తే ఇల్లు చేరారు. పెద్ద కోడలు తోపుడు బండి మీద వచ్చినట్టు వచ్చిందని మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఏండ్ల తరబడి నొచ్చుకుంది.

అందుకే చిన్నాయిన పెండ్లి కుదరగానే అవ్వ ఒకటే మాట పట్టింది. అప్పటికే మంచాన పడింది, పెండ్లి జరిగే మేడ్చల్ దాకా రాలేని మనిషి. చిన్న కొడుకూ కోడలూ ఎవరూ తోయకుండా కారులో వాకిట్లోకి రావాలి, అది తన కండ్లతో చూడాలి. అంతే. ఇంక ఆమె అడగబోయేది ఏమీ లేదని ఇంట్లో అందరికీ లోపల తెలుసు...

నాయిన దోస్తు యూసుఫ్ మామ మెకానిక్. మేడ్చల్‌లో పాత సామాను దుకాణంలో బోల్తాపడ్డ ఒక పెద్ద కారు ఇంజన్ దొరికింది. పాతదానికి రెండింతల బలం. ఇద్దరూ కుస్తీ పట్టి దాన్ని ఎక్కించారు. ఎక్కింది గానీ బానెట్ మూతపడలేదు. అప్పుడు నాయిన ఏం చేశాడో తెలుసా... బగారా అన్నం వండే అల్యూమినియం గంజుని సగానికి కోయించి, బానెట్‌కి పెద్ద రంధ్రం చేసి, దాని మీద బోర్లించి బిగించి ఎర్ర రంగు వేయించాడు. ఇగ ఊరంతా దాన్ని బగారా కారు అనేది. నాయినకి కోపం రాలేదు, పైగా నవ్వేవాడు.

ఒకరోజు ఇద్దరూ కరీంనగర్ రోడ్డు మీద నడిపి చూశారు. శామీర్‌పేట చెరువు దాకా రయ్యిమని పోయొచ్చింది. ఇద్దరి కాళ్లూ నేల మీద నిలవలేదు. ఒక్కటే మరిచిపోయారు ఆ మహానుభావులు... బరాత్‌లో కారు మనుషులతో పాటు నడవాలి కదా!

పెండ్లినాడు పొద్దు ఇంకా ఉండగానే కమాన్ దగ్గర బరాత్ మొదలైంది. ముందు డ్యాన్సులు, వాళ్ల వెనక మర్ఫా డప్పులు, ఆ వెనక మేము. యూసుఫ్ మామ స్టీరింగ్ పట్టాడు. ఏడ్చి గీపెట్టి పక్క సీటు నేను సంపాదించాను. వెనక చిన్నాయిన, కొత్త చిన్నమ్మ. మామ క్లచ్ వదిలాడో లేదో కారు ముందుకు దూకింది... మర్ఫా వాళ్లు వాయిద్యాలతో సహా తలో పక్కకి ఉరికారు. బ్రేక్ వేస్తే ఆగింది, వదిలితే మళ్లీ దూకింది. చిన్నమ్మ బాసింగం జారి ముక్కు మీదికొచ్చింది. ఇట్లా ఆగుతూ దూకుతూ పోయేసరికి గంజు పక్కల నుంచి పొగలు...

యూసుఫ్ మామ నాయినని దగ్గరికి పిలిచాడు.

"అన్నా, ఇట్ల నడిపిస్తే ఇంజన్ గరమై బంద్ పడ్తది. ఉరికిస్తేనే దానికి గాలి తగుల్తది. ఏం జేద్దాం జెప్పు."

బరాత్‌ని వదిలేసి పెండ్లికొడుకు ముందే ఇల్లు చేరడమా? నాయిన మేనమామ కయ్యిమన్నాడు, చుట్టాల ముందు ఇజ్జత్ పోతుందని. నాయిన పడమటి దిక్కు చూశాడు. దీపాలు పెట్టే వేళకి అవ్వ మందు వేసుకుంటుంది, వేసుకుంటే తెల్లారేదాకా లేవదు. మన బరాత్‌లు ఎన్నడు టైముకి చేరాయి గనుక...

"తీస్కపో యూసుఫ్," అన్నాడు నాయిన. "మాటలు నేను పడ్త. అవ్వ ఇంకా మేల్కొనే ఉంటది."

అంతే... ఆ ఎత్తు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియలేదు. చిన్నమ్మ భయంతో నా జడ పట్టుకుంది. కారు వాకిట్లో ఆగేసరికి ఇంట్లో హారతి ఇచ్చే దిక్కు లేదు, అందరూ బరాత్‌లోనే ఉన్నారు. అవ్వ, ఆమెకి తోడుగా పక్కింటామె... ఇద్దరే.

అవ్వ వరండాలో మంచం మీద నుంచి తల ఎత్తి చూసింది. చిన్నమ్మ పట్టుచీరతోనే పోయి ఆ మంచం మీద కూర్చుంది.

"ఎవరు తొయ్యలేదు గద బిడ్డా?"

"లేదత్తమ్మా... కారే మమ్ముల ఉరికిచ్చింది."

అవ్వ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైందో... నాకు ఏడుపొచ్చింది.

కొత్త కోడలి చుట్టూ మూగే చుట్టాలు లేరు, వాయిద్యాలు లేవు. అవ్వ ఆమె తల్లి పేరు అడిగింది, ఏ కూర ఇష్టమో అడిగింది. చిన్నమ్మ మైదాకు చేతులతో పెరుగన్నం కలిపి తినిపించింది. చిన్నాయిన గడప మీద కూర్చుని వాళ్లిద్దరినే చూస్తూ ఉన్నాడు.

బరాత్ మలుపు తిరిగేసరికి అవ్వ మందు వేసుకుని నిద్రపోయింది. నాయిన చెయ్యెత్తగానే మర్ఫా అక్కడే ఆగింది, అందరూ చప్పుడు చేయకుండా వాకిట్లోకి వచ్చారు. కయ్యిమన్న మేనమామ కండువాతో కండ్లు తుడుచుకున్నాడు.

మూడోనాడు చిన్నమ్మ ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి పోయింది. తిరిగొచ్చేసరికి అవ్వకి మాట పడిపోయింది. వానలు మొదలు కాకముందే పోయింది. అత్తాకోడళ్లు మనసు విప్పి మాట్లాడుకున్నది ఆ ఒక్క సాయంత్రమే... అది ఇచ్చినందుకు నాయినకి, యూసుఫ్ మామకి ఎన్ని దండాలు పెట్టినా నాకు తక్కువే అనిపిస్తుంది.

ఇప్పుడు అదే రోడ్డు మీద డీజే బండ్లు పోతుంటాయి, కిటికీలు అదిరేలా... బరాత్ ఇల్లు చేరేసరికి ఇంట్లో ముసలివాళ్లు ఎప్పుడో పడుకుని ఉంటారు. మీ ఇంట్లో కొత్త కోడలి కోసం నిద్ర ఆపుకుని కూర్చున్న అవ్వ ఎవరు? ఆమె గురించి రెండు ముక్కలు రాయండి... చదువుకుంటా.