అత్తగారి రెండు గంటలు

ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఏడాది దాకా కోడలికి అత్తగారంటే బెరుకే. ఆవిడ గద్దించేది కాదు, సణిగేది అంతకన్నా కాదు. అసలు మాట్లాడితే కదా! తెల్లారేసరికి ఆరుగురికి టిఫిను చేసి, ముగ్గురికి డబ్బాలు సర్దేసి, మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని దిండు గలీబుల మీద పూలు కుట్టుకునేది. ఆదివారం మాత్రం వంట పెందలాడే ముగించి, గాలం కర్ర, ఎరల డబ్బా పట్టుకుని కాలువ గట్టుకు పోయేది. నాలుగు చేపలతో తిరిగొచ్చేసరికి ఆ మొహంలో పదేళ్లు తగ్గినట్టుండేది.

ఒక మధ్యాహ్నం కుట్టడం అయిపోయిందని ఆవిడ లేస్తే, గలీబు కూడా ఆవిడతో పాటే లేచింది. కట్టుకున్న బట్టతో కలిపి కుట్టేసుకుంది! గడియారాలు బాగుచేసే మామగారు పగలబడి నవ్వాడు.

"ఇక నువ్వెక్కడికెళ్లినా దిండు వెతుక్కోనక్కర్లేదు."

ఆవిడా నవ్వింది. మర్నాటి నుంచి కుట్టు ఫ్రేము బీరువా పైకెక్కింది. "బెజ్జం కనబడి చావట్లేదే. దారం ఎక్కించడానికే అరగంట. ఎందుకొచ్చిన తంటా" అని కూతురితో అంటుంటే పక్కగదిలో ఉన్న కోడలి చెవిన పడింది.

మర్నాడు మందుల షాపులో పనికి బయల్దేరేముందు కోడలు పది సూదులకు రంగురంగుల దారాలెక్కించి, ఒక గుడ్డ ఉండకు వరసగా గుచ్చి, ఫ్రేము కిందికి దించి దాని పక్కన పెట్టి వెళ్లింది. సాయంత్రానికి తొమ్మిది సూదులు ఖాళీ.

"ఆకుపచ్చ ఇంకోటుంటే బాగుండేది" అంది అత్తగారు తలెత్తకుండా.

"రేపు రెండు పెడతాలెండి అత్తయ్యా."

అలా నాలుగేళ్లు. పూలు అరచేతంత పెద్దవయ్యాయి గానీ కుట్టు ఆగలేదు.

మొదటిసారి సూదులు పెట్టిన ఆ వారం ఆదివారమే ఆవిడ కోడలి తలుపు తట్టింది. "పాత చెప్పులేసుకో. బురదగా ఉంటుంది." గట్టు మీద గాలం దారాన్ని కోడలి చూపుడువేలికి ఆనించి, "నీళ్ల మీద తేలే బెండు నాకెటూ కనబడదు. నువ్వూ చూడకు. వేలికే తెలుస్తుంది" అంది.

తెలియడానికి ఆరు వారాలు పట్టింది. ఈలోగా ఆవిడ గొంతు తగ్గించి తన సంగతులు చెప్పింది. అమ్మ పోయాక తమ్ముళ్ల కడుపు నింపడానికి గాలం పట్టిందట. "అప్పుడది ఆకలి కోసం. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అన్నీ చేస్తాను కదా, ఈ రెండు గంటలూ నావి."

"మరి నన్నెందుకు తీసుకొచ్చారు?"

"నువ్వు గోల చెయ్యవు" అని దారం సర్దుకుంది.

మొన్న వానాకాలంలో రెండ్రోజుల జ్వరంతో ఆవిడ వెళ్లిపోయింది. గాలం కర్రలు ఎవరికైనా ఇచ్చేద్దామని కొడుకు అంటే కోడలు ఒప్పుకోలేదు. నెల తిరిగాక ఒక ఆదివారం తను బయల్దేరుతుంటే, "నేనూ వస్తానమ్మా" అన్నాడు మామగారు.

గట్టు మీద ఆయన నోరు ఊరుకుంటేనా! తుప్పుపట్టిన స్ప్రింగుల సంగతి, అవతలి గట్టు మీది కుక్క సంగతి. ఒక్క చేపా రాలేదు.

"మామయ్యా, కాసేపు మాట్లాడకండి. చేపలు బెదిరిపోతున్నాయి."

చిన్నబుచ్చుకుంటాడనుకుంది. ఆయన నవ్వాడు. "పెళ్లైన కొత్తలో మీ అత్తయ్యా ఇదే అంది. మళ్లీ ఎప్పుడూ వెంట తీసుకురాలేదు."

"నేను తీసుకొస్తాను. కానీ నోరు..."

"మూశాను" అని అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. భుజాలు కదులుతున్నాయి. కోడలు అటు చూడకుండా రెండో కర్రకు ఎర గుచ్చి ఆయన చేతికందించింది.