బిగ్ విగ్ వస్తారన్నారు

అంబత్తూరులో బోల్టులు, నట్లు తయారుచేసే కంపెనీలో రిసెప్షనిస్టుగా చేరి అప్పటికి నెల కూడా కాలేదు. డెబ్బైల నాటి మాట. తెలుగు మీడియంలో చదివిన నాకు ఇంగ్లీషు అంటేనే వణుకు.

ఒక సాయంత్రం మేనేజరు, “రేపు పదకొండుకి ఒక బిగ్ విగ్ వస్తా ఉండారు. నా రూములో కూర్చోబెట్టి కాఫీ ఇయ్యి” అన్నారు. పేరు చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

వాషర్‌మెన్‌పేటలో మా ఇంటికి పోయి వదినను అడిగాను.

“విగ్గంటే సవరం గదా! సినిమా మనిషేమో. ఆడ ఆయనకేం పని?” అంది.

మర్నాడు పదిన్నరకు బట్టతల పెద్దాయన ఒకరు నడిచి వచ్చి మేనేజరు కోసం అడిగారు. వాచ్‌మన్ పక్కనున్న బెంచీ చూపించాను. కాసేపటికి చేతిసంచితో ఇంకొకాయన వచ్చారు. నల్లటి ఒత్తు జుట్టు, చెవి దగ్గర కొంచెం లేచి ఉంది. ఈయనే! లేచి నమస్కారం పెట్టి లోపల కూర్చోబెట్టాను.

“కాఫీ నాకేనామ్మా?” అన్నారాయన, నమ్మలేనట్టు.

షెడ్డు నుంచి వచ్చిన మేనేజరు బెంచీ మీది పెద్దాయన్ని చూసి బిత్తరపోయారు. “సార్! మీరు ఈడ కూర్చున్నారేంటి?” అని నావైపు తిరిగారు.

“మీరు బిగ్ విగ్ అన్నారు గదా సార్. ఈయనకి జుట్టే లేదు” అనేశాను.

పెద్దాయన తల తడుముకుని నవ్వారు. మా సరుకంతా కొనే కంపెనీకి ఆయనే పెద్ద. “ఒకప్పుడు ఇంగ్లాండులో జడ్జీలు, ప్రభువులు పెద్ద పెద్ద విగ్గులు పెట్టుకునేవాళ్ళమ్మా. అట్లా పలుకుబడి ఉన్నవాణ్ణి బిగ్ విగ్ అనడం అలవాటైంది. విగ్గులు పోయినా మాట పోలేదు” అన్నారు.

విగ్గు లేనివాళ్ళని ఇంకా అట్లా అనడమేమిటో నాకు అర్థం కాలేదు. అంతలో చూస్తే, రెండో ఆయన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నట్టున్నారు. చెయ్యి తల మీదికి పోయింది. యంత్రాలకు వేసే గ్రీజు అమ్ముకోవడానికి వచ్చారట. కాఫీ సగంలో వదిలేసి బయటికి నడిచారు.

గేటు దాకా వెంట పోయాను. లోపల కూర్చోబెట్టినందుకు క్షమించమనాలా, జుట్టును అట్లా చూసినందుకా?

“కాఫీ బాగుందమ్మా” అని ఆయన బస్టాపు వైపు వెళ్ళిపోయారు.

నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఇకమీదట వచ్చేవాళ్ళ పేరు కాగితం మీద రాసిస్తానన్నారు మేనేజరు. గ్రీజు ఆయన రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చారు, టోపీ పెట్టుకుని. ఎటు చూసి మాట్లాడాలో నాకు తెలియలేదు.